మధ్య పేజీ మచ్చు

ఏదైనా నవల బాగుందని ఎవరైనా అంటే నేను ముందు కథ అడగను. నీకెవరు చెప్పారు దాని గురించి అని అడుగుతాను. చెప్పింది నేను కాకపోతే ఆ పూట నాకు అన్నం సయించదు. మంచి పుస్తకం ఈ ఊళ్లో ఎవరికి అందినా నా చేతి మీదుగానే అందాలని చిన్నప్పటి నుంచీ ఒక దురద. అసూయ అనేది పెద్దమనుషుల మాట. మా అమ్మ దీన్ని కడుపుమంట అంటుంది, పల్చటి మజ్జిగ తాగితే తగ్గుతుందని కూడా అంటుంది. రోజూ తాగుతూనే ఉన్నాను.

గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో డీటీపీ చేస్తాను. ప్రశ్నలు టైపు చేసి, ఒక్కోదాని కింద నాలుగు జవాబులు పేర్చి, జిరాక్స్ తీసి, పిన్నులు కొట్టడం నా పని. మిగతా టైములో నవలలు చదువుతాను. చేతికి దొరికిందల్లా చదువుతాను గానీ, వెతుక్కుని మరీ చదివేవి మాత్రం క్వీర్ మనుషులున్న నవలలు. మగవాడిని ప్రేమించే మగవాళ్లు, ఆడమనిషిని ప్రేమించే ఆడవాళ్లు, పుట్టినప్పుడు కొడుకన్నా కూతురన్నా ఆ మాటలో ఇమడనివాళ్లు. ఎందుకు వెతుక్కుంటానో వేరే చెప్పక్కర్లేదు, నేనూ వాళ్లలో ఒకదాన్ని. నాకు నలభై దగ్గర పడింది. పెళ్లి గురించి అడిగి అడిగి ఇంట్లోవాళ్లే అలిసిపోయారు. సంగతి ఇదీ అని నేను ఎవరికీ చెప్పలేదు. పుస్తకాల్లో ఉన్నవాళ్లే నా తరఫు చుట్టాలు.

ఇలాంటి నవలలంటే ఏడుపు నవలలేనని చాలామంది అభిప్రాయం. నాకు ఒళ్లు మండేది అక్కడే. మిగతా జనం నవలల్లో పోలీసులవుతారు, దొంగలవుతారు, దెయ్యాలవుతారు, చంద్రుడి మీద బోర్లు వేస్తారు. మేం మాత్రం మంచం పట్టి, కిటికీలోంచి వాన చూస్తూ చివరి అధ్యాయంలో చచ్చిపోవాలా? అందుకని నేను ఎవరికైనా చెప్పేటప్పుడు రకానికి ఒకటి చొప్పున ఏరి చెబుతాను. చివర్లో చంపేసే పుస్తకాలు ఎంత గొప్పవైనా పక్కన పెట్టేస్తాను. మా నాన్న భాషలో అది తాలు ఏరడం.

మా తాతలు దూది ఏకేవాళ్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, పండక్కి చదివేది నమాజు. నాన్న పెద్దయ్యేసరికి ఏకే పని పోయింది. ఆయన మిర్చి యార్డులో ఒక కమీషన్ వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేరి రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నారు. సాయంత్రం ఇంటికొచ్చాక కొబ్బరినూనె రాసుకుని, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంటే గానీ మమ్మల్ని ముట్టుకునేవారు కాదు. సెలవుల్లో నన్ను యార్డుకి తీసుకెళ్లేవారు. అక్కడ ఆయన నాకు నేర్పింది మచ్చు తీయడం. బస్తా మొత్తం గుమ్మరించి ఎవరూ చూడలేరు కాబట్టి గుప్పెడు కాయలు తీసి కొనేవాడికి చూపిస్తారు, ఆ గుప్పెడే మచ్చు. అది బస్తాలో ఎక్కడి నుంచి తీశావన్నదే అసలు సంగతి. పైన ఎప్పుడూ నిగనిగలాడే ఎర్రకాయే ఉంటుంది. తెల్లబారి, చేవ చచ్చిన తాలుకాయ కిందెక్కడో దాక్కుని ఉంటుంది. మోచేతిదాకా చెయ్యి పోనిచ్చి బస్తా కడుపులోంచి తీసిందే మచ్చు అనేవారు నాన్న. పైకాయ చూపించి అంటగట్టేవాడిని దొంగమచ్చు మనిషి అనేవారు. ఆయన నోట నేను విన్న పెద్ద తిట్టు అదే.

నవలలకీ ఆ పద్ధతే పెట్టుకున్నాను. మొదటి పేజీ ఎవరికీ చూపించను. మొదటి పేజీని ఒళ్లు దగ్గర పెట్టుకుని ఎవడైనా బాగానే రాస్తాడు. సగం దూరం వచ్చాక, ఇక వీళ్లెక్కడికి పోతారులే అని రచయితకి ధీమా వచ్చిన చోట ఎలా రాశాడో అదీ సరుకు. సరిగ్గా మధ్యలోంచి ఒక పేజీ జిరాక్స్ తీసి, పక్క ఖాళీలో పెన్సిలుతో రెండు ముక్కలు రాసి ఇస్తాను. నచ్చితే పుస్తకం పేరు చెబుతాను, వాళ్లే కొనుక్కోవాలి. నా పుస్తకం మాత్రం ఇవ్వను. పరాయి చేతికి వెళ్లిన పుస్తకం తిరిగి రాదని పెద్దలు ఊరికే అనలేదు.

మూడేళ్ల కిందట ఫిబ్రవరిలో, కొత్త కాయ దిగి ఊరంతా తుమ్ముతున్న రోజుల్లో, ఆమె మా సెంటర్‌కి వచ్చింది. రెండు అడ్డరోడ్ల అవతల స్కానింగ్ సెంటర్లో టెక్నీషియను. వాళ్ల జిరాక్స్ మిషను పాడైతే రిపోర్టులు పట్టుకుని మా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. పర్చూరు వైపు పల్లె, ఇంట్లో పత్తీ మిర్చీ వేస్తారు. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. పేజీలు బయటికొస్తుంటే నా కీబోర్డు పక్కన బోర్లించిన నవల వైపు చూసి, ఏం కథక్కా అని అడిగింది. ఆ అక్కా అనే పిలుపు అప్పుడు నాకేమీ అనిపించలేదు. మా వైపు పరిచయం లేని ఆడమనిషిని ఇంకేమని పిలుస్తారు?

అది డిటెక్టివ్ నవల. కొండ ఊళ్లో వరసగా హత్యలు, వాటిని ఛేదించే ఆడ ఇన్‌స్పెక్టరు. ఆ ఇన్‌స్పెక్టరు డ్యూటీ దిగి ఇంటికెళ్తే అక్కడ ఇంకో ఆడమనిషి ఉంటుంది. చారు వేడి చేసి పెడుతుంది, ఇవాళ ఎవరు చచ్చారు అని అడుగుతుంది. అంతే, ఆ సంసారం గురించి పుస్తకంలో ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. ఆ చారు పేజీయే సరిగ్గా మధ్యలో పడింది. జిరాక్స్ తీసి రిపోర్టులతో పాటు పెట్టాను. మర్నాడు రిపోర్టులేమీ లేకుండానే వచ్చింది. హంతకుడెవరని అడుగుతుందనుకున్నాను. కాగితం వైపు చూస్తూ, గొంతు తగ్గించి అడిగింది.

"ఆ ఇద్దరూ చివరిదాకా కలిసే ఉంటారా అక్కా?"

ఉంటారని చెప్పాను. చెప్పి ఆమె మొహంలోకి చూశాను. ఆమె కూడా నా మొహంలోకి చూసింది. ఇన్నేళ్లలో మొదటిసారి నా తరఫు చుట్టం ఒకరు పుస్తకంలోంచి కాక గుమ్మంలోంచి వచ్చారనిపించింది. ఆ పూట ప్రశ్నపత్రంలో ఒకే ప్రశ్న రెండుసార్లు టైపు చేసి మేనేజరు చేత చివాట్లు తిన్నాను.

ఆ తర్వాత పది పదిహేను రోజులకో పేజీ. రెండోది దెయ్యాల నవల. పాడుబడ్డ బంగళాలో అద్దెకి దిగిన టీచరమ్మ మీద మనసు పడే ఆడదెయ్యం అందులో ఉంటుంది. భయపెట్టడం దానికి చేతకాదు. టీచరు దిద్దే నోటు పుస్తకాలు సర్ది పెడుతూ ఉంటుంది. ఆ దెయ్యం నాకు భలే నచ్చిందక్కా అని ఆమె నాలుగు రోజులు అదే మాట. ఆ నాలుగు రోజులూ నాకు దెయ్యం మీద కడుపు రగిలిపోయింది. నోటు పుస్తకాలు నేను మాత్రం సర్దనా?

మూడోది సైన్స్ ఫిక్షన్. చంద్రుడి మీద కొత్తగా కట్టిన ఊళ్లో నీళ్ల ఇంజినీరు, భూమ్మీద వాళ్లమ్మానాన్నలకి ఒకప్పుడు కొడుకు, ఇప్పుడు కూతురు. రేడియోలో మాట్లాడిన ప్రతిసారీ తండ్రి నోటికి పాత పిలుపే వస్తుంది. మాట వెళ్లి జవాబు రావడానికి మధ్య పట్టే ఆ రెండు మూడు సెకన్లలోనే సగం నవల నడుస్తుంది. నాలుగోది చారిత్రక నవల, యుద్ధం ఓడిపోయి పారిపోతున్న సిపాయినీ, అతన్ని రేవు దాటించి తానూ వెనక్కి వెళ్లని పడవవాడినీ గురించి. ఐదోది నాలుగు తరాల కుటుంబ నవల. ఆ ఇంటి పెళ్లికాని మేనమామ స్నేహితుడు నలభై ఏళ్లపాటు ప్రతి ఆదివారం భోజనానికి వస్తాడు. ఆయనకి విడిగా ఒక కంచం, గ్లాసు ఉంటాయి. ఎవరూ ఏమీ అడగరు, ఎవరూ ఏమీ చెప్పరు. ఆ కంచం దగ్గర ఆమె ఏడ్చిందట. నేను ఇచ్చిన పేజీకి ఏడ్చిందని ఆ రాత్రంతా నాకు గర్వం.

ఈలోగా ఆమె నా స్కూటీ వెనక కూర్చోవడం అలవాటైంది. సాయంత్రం డ్యూటీ దిగాక హాస్టల్ దగ్గర దింపేదాన్ని. రెండో హెల్మెట్ కొన్నాను, మెరూన్ రంగుది. కొన్న రోజు నుంచీ దాన్ని ఇంకెవరి తల మీదా పెట్టనివ్వలేదు. మా సెంటర్లో ఫిజిక్స్ మేడం ఒకసారి అడిగితే పట్టీ తెగిందని అబద్ధం చెప్పాను.

ఆరో పేజీకి నెల రోజులు పట్టింది. ఈసారి ప్రేమ నవల. దాచిపెట్టిందేమీ లేని, తిన్నటి ప్రేమ కథ. పక్కపక్క మిషన్ల మీద బట్టలు కుట్టే ఇద్దరు టైలర్లు. మధ్య పేజీలో పెద్దది చిన్నదానికి తన మనసులో మాట చెబుతుంది. చెబుతున్నంతసేపూ మిషను తొక్కుతూనే ఉంటుంది, ఆపితే గొంతు వణుకు వినపడుతుందని. నేను చెప్పాలనుకున్నది అక్షరం పొల్లుపోకుండా ఆ పేజీలో ఉంది. పక్కన ఖాళీలో ప్రతిసారీ ఏదో ఒకటి రాసేదాన్ని. ఈసారి ఏమీ రాయలేదు, ఖాళీగానే వదిలేశాను. రాయకపోవడం అర్థమవుతుందనుకున్నాను.

ఆమె నిలబడే చదివింది. చదివి, నాలుగు మడతలు పెట్టి, తెల్లకోటు జేబులో పెట్టుకుంది. యార్డులో కొనేవాడు మచ్చు చూసి రాశి మీదికి తిరిగి విసిరేస్తే బేరం లేనట్టు. తువ్వాలు కొంగున ముడేసుకున్నాడంటే గుమాస్తా కాటా సర్దుకోవడం మొదలుపెడతాడు. నేను ఆ యార్డులో పెరిగినదాన్ని. జేబులోకి వెళ్లిన కాగితాన్ని చూసి నేనూ కాటా సర్దుకున్నాను. ఆ వారమంతా ఏదో ఒక పాట కూనిరాగం తీస్తూనే ఉన్నాను.

తర్వాతి ఆదివారం, అమ్మకి చీర తీసుకోవాలి, మంగళగిరి వెళ్దాం రమ్మంది. నేను కొత్త చుడీదార్ వేసుకున్నాను. కాజ టోల్‌గేటు దాటేవరకు ఆమె చెయ్యి నా భుజం మీదే ఉంది. గాలికి ఏం మాట్లాడుతుందో సగం వినపడకపోయినా ఊకొడుతూ నడిపాను.

చేనేత చీరల షాపు అది. కింద అమ్మకం, పైగదిలో డిజైన్ల పని. ఆమె తిన్నగా మెట్లెక్కి పైకి వెళ్లింది. అక్కడ ఒకావిడ గ్రాఫు కాగితం మీద చీర అంచు గీస్తోంది. గళ్లు లెక్కపెట్టి రంగు నింపుతుంది, మగ్గం దగ్గర దాన్ని చూసి నేస్తారు. ఆవిడది ఇంచుమించు నా వయసే. చెవుల పక్కన నెరిసిన జుట్టుకి రంగు కూడా వేసుకోలేదు. మమ్మల్ని చూసి పెన్సిలు కింద పెట్టింది.

"ఆ కాగితాలు ఎక్కడ పెట్టావే, అక్కకి చూపించు," అంది ఆమె.

అక్కని నేను. ఆవిడ కూడా తనకన్నా పదేళ్లు పెద్దదే. అంత పెద్దావిడని, ఊరు కాని ఊళ్లో, షాపులో పనిచేసే మనిషిని, మా వైపు పిల్ల ఎవరైనా అక్కా అనాలి, లేదా ఏమండీ అనాలి. ఆమె పెట్టావే అంది. ఆవిడ దానికి తల కూడా ఎత్తలేదు. రోజూ వినే మాటే అన్నట్టు లేచి అల్మరా తెరిచింది. ఇక నాకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఇన్ని నెలలుగా ముద్దుగా వింటున్న అక్కా అన్న పిలుపు గోడలా కట్టి ఉందనీ, నేను ఆ గోడకి సున్నం వేసుకుంటూ మురిసిపోయాననీ ఆ గదిలో నిలబడి తెలుసుకున్నాను.

అల్మరాలోంచి తీసింది నా పేజీలే. ఆరూ. స్పైరల్ బైండింగ్ చేయించి, నా పెన్సిలు రాత చెరిగిపోకుండా ఒక్కోదానికీ ప్లాస్టిక్ తొడుగు వేసి ఉంది. మీ పుణ్యమాని మళ్లీ చదవడం మొదలుపెట్టానండి, అంది ఆవిడ. మర్యాదగా, నిజంగానే సంతోషంగా అంది. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నా నవలలన్నీ ఆమె తీసుకెళ్లి ఈవిడకి సమర్పించిందన్నమాట.

పోనీ ఆవిడ ఏదో పైపైన చదివే రకమైతే నాకు కొంత ఊరటగా ఉండేది. ఆ అదృష్టం కూడా లేదు. డిటెక్టివ్ నవల గురించి మాట్లాడుతూ, ఆ ఇన్‌స్పెక్టరు ఇంటికెళ్లిన ప్రతిసారీ చెప్పులు లోపలికి తెచ్చుకుని విడుస్తుంది గమనించారా అని అడిగింది. గుమ్మం ముందు రెండు జతల ఆడచెప్పులు రోజూ కనపడకూడదని ఆమె భయం అంది. నేను ఆ నవల నాలుగుసార్లు చదివాను. అందులో భయమే లేదనుకుని అందరికీ చెప్పుకొచ్చాను. చెప్పుల సంగతి నా కంట పడలేదు. మనిషిని ఎత్తుకుపోవడం ఒక ఎత్తు, నా పుస్తకాన్ని నాకన్నా బాగా చదవడం ఇంకో ఎత్తు. ఆ నిమిషంలో రెండోదే ఎక్కువ నొప్పి పెట్టింది.

ఇది చాలదన్నట్టు ఆవిడ నాకు ఒక నవల చెప్పింది. ఒకే తాడుకి కట్టుకుని మంచుకొండ ఎక్కే ఇద్దరు మగవాళ్ల సాహస కథ. మీకు తెలిసే ఉంటుంది, లేకపోతే చదవండి అంది. నాకు తెలియదు. ఈ జన్మలో నాకు నవల చెప్పినవాళ్లు లేరు, చెప్పేది ఎప్పుడూ నేనే. చదువుతానండి అని ముక్తసరిగా అని మెట్లు దిగాను.

తిరుగు ప్రయాణంలో టోల్‌గేటు దగ్గర టీకి ఆగినప్పుడు ఆమె అంతా చెప్పింది. ఇదివరకు ఒకసారి చీర కొనడానికి వెళ్లినప్పుడు పరిచయమట. ఏం మాట్లాడాలో తెలియక నా పేజీలు తీసుకెళ్లి చూపించేదట. ఆరో పేజీ ఇచ్చి ఏమీ మాట్లాడకుండా నిలబడితే ఆవిడకి అర్థమైపోయిందట. వచ్చే నెల మంగళగిరిలో ఒక పోర్షన్ తీసుకుని ఇద్దరూ ఉందామనుకుంటున్నారు. ఇంట్లో ఫ్రెండ్‌తో ఉంటున్నానని చెబుతుంది. నువ్వు లేకపోతే నాకు నోరు పెగిలేదే కాదక్కా అని నా చెయ్యి పట్టుకుంది. నేను టీ తాగాను. నాలుక కాలింది.

ఇంటికొచ్చాక నాన్న పేపరు చదువుతుంటే పక్కన కూర్చుని, యార్డు సంగతి అడుగుతున్నట్టే అడిగాను, మచ్చు కొంగున కట్టుకుపోయినవాడు బేరానికి రాకపోతే ఏమిటర్థమని. ఆయన పేపరు దించలేదు.

"తీసుకెళ్లినవాడు కొనేవాడే అని ఎవరన్నారమ్మా. ఇంకొకడికి చూపించడానిక్కూడా తీసుకెళ్తారు."

చిన్నప్పుడు ఇది ఆయన నాకు చెప్పే ఉంటారు. బ్రోకర్లు మచ్చులు పట్టుకుని ఈ కొట్టు నుంచి ఆ కొట్టుకి తిరగడం నేను కళ్లారా చూసినదాన్నే. గుమాస్తా కూతుర్ని అయ్యుండి ఆ తేడా పోల్చుకోలేకపోయాను.

తర్వాత నేను చేసిన పని చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. నా దగ్గర పక్కన పడేసిన తాలు పుస్తకాల్లోంచి ఒకటి తీశాను. ఇద్దరు ఆడవాళ్లు ఊరవతల ఇల్లు తీసుకుని కాపురం పెడతారు. వంద పేజీలు దాటాక ఒకరి ఇంట్లోవాళ్లకి తెలుస్తుంది. అక్కడి నుంచి అంతా పతనమే, చివరికి ఒకరే మిగులుతారు. ఆ మిగిలినావిడని చావు ఇంటికి కూడా రానివ్వరు. మధ్య పేజీ తీస్తే గుట్టు బయటపడుతుంది. అందుకని మొదట్లోంచి, వాళ్లు కొత్త ఇంటికి పరదాలు కట్టుకుంటున్న ముప్పై ఒకటో పేజీ జిరాక్స్ తీశాను. కొత్త ఇంటికి నా కానుక అని పక్కన పెన్సిలుతో రాశాను కూడా. ఎర్రకాయ పైన, తాలు లోపల. మా నాన్న పెద్ద తిట్టుకి తగిన పని ఆయన కూతురు చేసింది.

ఆమె మురిసిపోయి పుస్తకం తెప్పించుకుంది. పది రోజులు కనపడలేదు. హాస్టల్ ముందు నుంచి స్కూటీ పోనిచ్చి చూశాను, స్కానింగ్ సెంటర్‌కి సెలవు పెట్టిందన్నారు. నాకు లోపల ఏదో మూల సంతోషం కలిగిందని ఒప్పుకోవాలి. ఆ సంతోషం పూర్తిగా రెండు రోజులు కూడా నిలవలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు, దాంతో భయం పట్టుకుంది.

పదకొండో రోజు మధ్యాహ్నం ఆమె మా సెంటర్‌కి వచ్చింది. పిల్లలంతా క్లాసుల్లో ఉన్నారు, మిషను గదిలో మేమిద్దరమే. మొహం పీక్కుపోయి ఉంది. పుస్తకం రెండు రోజుల్లో పూర్తి చేసిందట. పోర్షన్ వద్దనుకుందట, ఆవిడ ఫోను చేసినా ఎత్తకుండా తన ఊరికి వెళ్లిపోయిందట. మన గతి ఇంతేనేమో అనుకున్నానక్కా అంది. ఆవిడ పర్చూరు బస్టాండుదాకా వచ్చి, ఇంటికి రాకుండా అక్కడే కూర్చుని కబురు పెడితే ఈమె వెళ్లి, ఆ పేజీ ఆవిడ చేతిలో పెట్టి ఏడ్చిందట. గళ్లు లెక్కపెట్టే మనిషి కదా, ఆవిడ పేజీ కింద నంబరు చూసింది.

"ఇది ముప్పై ఒకటో పేజీ," అంది ఆమె, కాగితం నా బల్ల మీద పెట్టి. "మిగతావన్నీ నూట నలభై, నూట అరవై అలా ఉన్నాయంట. మీ అక్క ఎప్పుడూ మధ్యలోంచే తీస్తుందన్నావుగా, ఈసారి ఎందుకు తియ్యలేదో వెళ్లి అడుగు, అక్క మనసు బాగాలేనట్టుంది అని తనే పంపింది. ఎందుకు తియ్యలేదక్కా?"

దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను. పొరపాటున పడిందని చెప్పొచ్చు, ఆమె నమ్మేది కూడా. కానీ నన్ను పట్టుకున్నది ఈమె కాదు, ఆవిడ. నేనిచ్చిన కాగితంలోంచి నన్ను చదివేసి, కోపం కూడా తెచ్చుకోకుండా, మనసు బాగాలేదని పంపింది. నా మనసు సంగతి అడగమని చెప్పేది కూడా ఆవిడేనా అని ఉడుక్కున్నాను. ఆ ఉడుకులోనే నిజం బయటికొచ్చింది.

"నువ్వు నన్ను అక్కా అనకుండా ఉంటావని," అన్నాను. "ఆరో పేజీ నీకిచ్చింది. చూపించుకోమని ఇవ్వలేదు."

మిషను ఏవో కాగితాలు వదులుతోంది. ఆమె వాటిని తీసి అంచులు సర్దింది. ఖాళీగా వదిలిన ఆ పక్క జాగా గుర్తొచ్చినట్టుంది, మొహం ఎర్రబడింది. నేను పుస్తకం సంగతి కూడా చెప్పాను, కావాలనే తాలు ఇచ్చానని, అది ఎవడో రాసిన ముగింపే తప్ప జాతకం కాదని, పోర్షన్ వదులుకోవద్దని. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. బస్టాండులో దింపుతావా అని అడిగింది. మెరూన్ హెల్మెట్ పెట్టుకుంది. నా భుజం మీద కాకుండా వెనక కడ్డీ పట్టుకుని కూర్చుంది. మంగళగిరి బస్సెక్కేముందు హెల్మెట్ తీసి, పట్టీలు సరిచేసి, నా చేతికిచ్చి వెళ్లింది.

వాళ్లు పోర్షన్‌లో దిగారు. ఆ తర్వాత ఆమె రెండు మూడుసార్లు జిరాక్స్ పని మీద వచ్చింది. బాగున్నావా అంటుంది, ఎండలు ఎక్కువగా ఉన్నాయి అంటుంది. అక్కా అనదు. ఏమీ అనదు, తిన్నగా మాటలోకి వెళ్లిపోతుంది. నేను కోరుకున్నది అచ్చంగా అదే కదా. ఆ పిలుపు ఉండే చోట ఇంత ఖాళీ మిగులుతుందని ఊహించలేదు.

ఆవిడ చెప్పిన మంచుకొండ నవల తెప్పించుకుని చదివాను. తప్పులు వెతకాలనే చదివాను. ఒకే తాడుకి కట్టుకున్న ఇద్దరూ ఒకరి మీద ఒకరు అలిగి మాట్లాడుకోకుండానే నాలుగు రోజులు కొండెక్కుతారు. మాట్లాడకపోయినా ఎవరూ తాడు మాత్రం విప్పుకోరు. చాలా బాగుంది, ఖర్మ. ఇప్పటికి నలుగురికి చెప్పాను. మీకెవరు చెప్పారని ఒకాయన అడిగితే, ఎవరూ చెప్పలేదు, నేనే వెతుక్కున్నానన్నాను.

మొన్న మార్చిలో, మళ్లీ ఊరు తుమ్ముతున్న రోజుల్లో, ఫోనుకి మెసేజీ వచ్చింది. అక్కా, కొత్తవేమీ లేవా, చాలా రోజులైంది అని. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. ఇంత ద్వేషించిన పిలుపునే కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను. మిర్చి ఘాటని చెప్పుకోవచ్చు గానీ కిటికీలు మూసే ఉన్నాయి.

నా దగ్గర ఒక హాస్య నవల ఉంది. పెళ్లిళ్లకి బ్యాండు మేళం నడిపే ఇద్దరు ముసలి ఆడవాళ్ల కథ. ఊళ్లో అందరి పెళ్లిళ్లకీ వాయిస్తారు, బేరాలాడుకుంటారు, డప్పు ఎవరు మోయాలో రోజూ కొట్లాడుకుంటారు, చివరిదాకా బతికే ఉంటారు. పుస్తకం తెరిచి, మొత్తం పేజీలు చూసి, సగానికి భాగించి, నూట పద్దెనిమిదో పేజీ గాజు మీద బోర్లించాను. పేజీ నంబరు స్పష్టంగా పడేలా అంచు సర్దాను, ఆవిడ చూస్తుందిగా. రెండు కాపీలు తియ్యబోయి ఒకటే తీశాను. ఒక్క కాగితమైతే ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని చదవాలి. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. తెలిసే ఒక్కటి తీశాను.